85 వేల గేమింగ్ లాప్‌టాప్‌లో తలంబ్రాలు ఎందుకు ఆగాయి: ఒక పెళ్లి వీడియో స్టూడియో కేసు

నేపథ్యం

ఉత్తర తెలంగాణలో ఒక చిన్న పట్టణం. భార్యాభర్తలు కలిసి నడిపే పెళ్లి ఫొటో, వీడియో స్టూడియో. వీడియో ఎడిటింగ్ ఆయనది, ఆల్బమ్ డిజైనింగ్ ఆమెది. సీజన్‌లో బయటి కెమెరామెన్ ఇద్దరిని రోజు లెక్కన పిలుచుకుంటారు. గుర్తుపట్టే వీలు లేకుండా ఊరు, షాపు, లాప్‌టాప్ కంపెనీ వివరాలు వదిలేశాం. కెమెరా, చిప్‌ల పేర్లు మాత్రం ఉంచాం, ఎందుకంటే విషయమంతా వాటిలోనే ఉంది.

ఇద్దరికీ ఒకటే లాప్‌టాప్. 2022లో 85 వేలు పెట్టి కొన్నారు. రైజెన్ 7 5800హెచ్ ప్రాసెసర్, అంటే 8 కోర్లు, 16 థ్రెడ్లు. ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్ కార్డు 4 జీబీ, ర్యామ్ 8 జీబీ, ఎస్‌ఎస్‌డీ 512 జీబీ. అప్పటి వాళ్ల పనికి అది తప్పు ఎంపిక కాదు. స్టూడియోలో ఉన్న సోనీ ఏ7 త్రీ కెమెరా ఫోర్‌కేని హెచ్.264 అనే కంప్రెషన్ పద్ధతిలో, 8 బిట్ 4:2:0లో (రంగు సమాచారం ఎంత ఉంచాలో చెప్పే అంకెలు), 100 ఎంబీపీఎస్‌కి, అంటే సెకనుకు 100 మెగాబిట్లకు రికార్డు చేసేది. ఆ ఫుటేజ్ ప్రీమియర్ ప్రో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నీళ్లలా నడిచింది.

2023 చివర్లో కెమెరా మార్చి ఏ7 ఫోర్ కొన్నారు. లాప్‌టాప్ అదే.

వచ్చిన సమస్య

2024 ఆషాఢంలో, ముహూర్తాలు లేని వారాల్లో కేసు మా దగ్గరికి వచ్చింది. శ్రావణం మొదలయ్యేలోపు తేల్చాలి. నాలుగు పెళ్లిళ్ల ఎడిటింగ్ పెండింగ్. ప్లే నొక్కితే రెండు సెకన్లు కదిలి ఆగుతుంది, ఆడియో ముందుకు పోతుంది, బొమ్మ వెనకబడుతుంది. రిసెప్షన్ స్టేజీ మీద వేయడానికి అదే రోజు మూడు నిమిషాల హైలైట్స్ కట్ చేసి ఇస్తామని రెండు పార్టీలకు మాటిచ్చి, రెండు సార్లూ ఇవ్వలేకపోయారు.

యజమాని అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేశాడు. "మిషన్ పాతబడ్డదన్నా. ఇది ఎక్స్‌చేంజ్‌ల ఇచ్చేసి 4060 ది తీసుకుందామనుకుంటున్న." ఆర్‌టీఎక్స్ 4060 కార్డున్న ఆ లాప్‌టాప్‌కి లక్షా పదివేలు అవుతుంది. చేతిలో ఉన్నది 90 వేలు, మిగతాది ఈఎంఐ.

అంతకుముందు ఏం చేయించారు

మూడు రిపేర్లు అయిపోయాయి. ముందు ఫ్యాన్ శుభ్రం చేసి థర్మల్ పేస్ట్ మార్చారు. ప్రాసెసర్ 95 డిగ్రీలు చూపిస్తోంది కాబట్టి అది సహజమైన అనుమానమే. వేడి కొంచెం తగ్గింది, వీడియో మాత్రం కదల్లేదు. ఇక్కడ వేడి కారణం కాదు, ఫలితం. ప్రాసెసర్ ఎందుకంత కష్టపడుతోందని ఎవరూ అడగలేదు.

తర్వాత ర్యామ్ 8 తీసి రెండు 16లు వేయించారు. దీనివల్ల ఆల్బమ్ పని మాత్రం బ్రహ్మాండంగా బాగుపడింది. లెక్క చూస్తే ఎందుకో తెలుస్తుంది. ఆల్బమ్ షీటు 12 అంగుళాలకు 36 అంగుళాలు, 300 డీపీఐ. అంటే 3600కి 10800, మొత్తం 3 కోట్ల 88 లక్షల 80 వేల పిక్సెళ్లు. 8 బిట్ ఆర్‌జీబీలో పిక్సెల్‌కి 3 బైట్లు చొప్పున షీటంతా నిండిన ఒక్క లేయర్ దాదాపు 116 ఎంబీ. అలాంటివి పాతిక పడితే 2.9 జీబీ. దాని మీద హిస్టరీ, పక్కనే తెరిచిన ఇంకో షీటు, విండోస్, బ్రౌజర్. 8 జీబీలో ఫొటోషాప్ స్క్రాచ్ డిస్క్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ జాగా) మీద పడి పాకక తప్పదు. కాబట్టి ర్యామ్‌కి పెట్టిన డబ్బు వృథా కాలేదు. కాకపోతే ఆయన సమస్యకని కొన్న మందు ఆమె సమస్యకు పనిచేసింది.

మూడోది, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ బదులు ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ. ఇదీ కొంతవరకు అర్థమున్న ఆలోచనే. వీళ్ల ఫుటేజ్ 200 ఎంబీపీఎస్, అంటే సెకనుకు 25 ఎంబీ. రెండు కెమెరాలు ఒకేసారి నడిపితే 50. మామూలు పోర్టబుల్ హార్డ్ డిస్క్ వరసగా చదివితే 100 దాటి ఇస్తుంది కానీ, రెండు ఫైళ్ల మధ్య అటూ ఇటూ దూకాల్సి వస్తే తడబడుతుంది. ఎస్‌ఎస్‌డీ వచ్చాక టైమ్‌లైన్ మీద క్లిక్ చేస్తే బొమ్మ త్వరగా కనబడింది. ప్లే నొక్కితే మాత్రం అదే నత్తనడక.

మేం ఎక్కడ మొదలుపెట్టాం

లాప్‌టాప్ విప్పలేదు. ఇబ్బంది పెడుతున్న ఫైలు ఒక్కటి అడిగాం. వాళ్లిచ్చింది తలంబ్రాల క్లిప్, 40 సెకన్లు, సరిగ్గా 1 జీబీ. పరీక్షకు ఇంతకంటే మంచిది దొరకదు. వేల బియ్యపు గింజలు ఒక్కోటి ఒక్కో దిక్కుకు ఎగురుతాయి, పసుపు మెరుస్తుంది, వెనక లైట్లు. కంప్రెషన్‌కి ఊపిరాడనివ్వని సన్నివేశం.

మీడియా ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫైలు వేశాం. చూడాల్సినవి నాలుగే వరసలు. ఫార్మాట్ హెచ్‌ఈవీసీ, అంటే హెచ్.265. ఫ్రేమ్ రేట్ 50. బిట్ డెప్త్ 10. క్రోమా సబ్‌శాంప్లింగ్ 4:2:2. ఏ7 ఫోర్ మెనూలో దీని పేరు ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్ ఫోర్‌కే. స్లో మోషన్ కోసం 50 పెట్టుకున్నారు, క్వాలిటీ బాగుంటుందని అన్నిటికంటే పైనున్న ఆప్షన్ ఎంచుకున్నారు.

తర్వాత ప్రీమియర్‌లో ఆ క్లిప్ ప్లే చేస్తూ పక్కన టాస్క్ మేనేజర్ తెరిచాం. పెర్ఫార్మెన్స్ పేజీలో ప్రాసెసర్ 100 శాతం. డిస్క్ దాదాపు ఖాళీ. ర్యామ్ 32లో 14. ఇక గ్రాఫిక్స్. అక్కడ రెండు జీపీయూలు, అంటే గ్రాఫిక్స్ చిప్‌లు కనిపిస్తాయి, ఒకటి రైజెన్‌లోనే ఉండే రేడియాన్, రెండోది ఆర్‌టీఎక్స్ 3050. రెండింటి కిందా వీడియో డీకోడ్ అని విడిగా ఒక గ్రాఫ్ ఉంటుంది. రెండు గీతలూ నేలకు అంటుకుపోయి ఉన్నాయి. సున్నా.

కేసు ఇక్కడే తేలింది. కుదించిన వీడియోను విప్పడానికి, అంటే డీకోడ్ చేయడానికి, జీపీయూలో ప్రత్యేకంగా ఒక చిన్న యంత్రాంగం ఉంటుంది. గేములు ఆడించే కోర్లకూ దానికీ సంబంధం లేదు. ఏ ఫార్మాట్లు విప్పాలో తయారీలోనే నిర్ణయమైపోతుంది, డ్రైవర్ అప్‌డేట్‌తో కొత్తవి రావు. 4:2:0లో నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒక రంగు సమాచారం ఉంటుంది, 4:2:2లో రెండింటికి ఒకటి. ఆర్‌టీఎక్స్ 30 సిరీస్ డీకోడర్ హెచ్.265లో 10 బిట్ 4:2:0 విప్పుతుంది, 4:2:2 విప్పదు. రైజెన్‌లోని రేడియాన్ కూడా విప్పదు. అప్పుడు ఆ బరువంతా ప్రాసెసర్ కోర్ల మీద పడుతుంది. ఈ కేసులో 5800హెచ్ సెకనుకు 22 ఫ్రేముల దగ్గర ఊగిసలాడింది. కావాల్సింది 50.

ప్లేబ్యాక్ రిజల్యూషన్ పావుకి తగ్గించినా తేడా రాకపోవడం యజమానికి వింతగా ఉండేది. పావు బొమ్మ చూపించాలన్నా ముందు పూర్తి ఫోర్‌కే ఫ్రేమును విప్పాల్సిందే. హెచ్.265లో ఒక ఫ్రేము కావాలంటే దాని చుట్టుపక్కల ఫ్రేములు కూడా విప్పాలి. తగ్గేది ఆ తర్వాతి పని మాత్రమే.

ఇక ఆర్‌టీఎక్స్ 4060 సంగతి. 40 సిరీస్ డీకోడర్ కూడా 4:2:2 విప్పదు. రైజెన్ ప్రాసెసర్‌తో వచ్చే 4060 లాప్‌టాప్ కొనుంటే లక్షా పదివేలు పోసి అదే తలంబ్రాల దగ్గర ఆగేవాడు.

ఖర్చు లేని మార్గాలు ముందు

కొత్తది కొనమని చెప్పేముందు రెండు పనులు చేశాం. కెమెరాలో సెట్టింగ్‌ని 4:2:0 10 బిట్, 150 ఎంబీపీఎస్‌కి మార్చి కొత్త క్లిప్ తీయించాం. ప్రీమియర్ ప్రిఫరెన్సెస్‌లో మీడియా కింద హార్డ్‌వేర్ డీకోడింగ్‌కి టిక్ ఉందో లేదో చూసి, సాఫ్ట్‌వేర్ మూసి తెరిచాం. ఈసారి 3050 వీడియో డీకోడ్ గీత లేచింది, ప్రాసెసర్ 30 శాతానికి దిగింది, గింజలు గింజల్లాగే ఎగిరాయి. పైసా ఖర్చు లేదు. పెళ్లి వీడియోకి 4:2:0 చాలని మా అభిప్రాయం. గ్రీన్ మ్యాట్ వేసి బ్యాక్‌గ్రౌండ్ కత్తిరించేవాళ్లకు 4:2:2 తేడా తెలుస్తుంది. మండపంలో మేళం మధ్య తీసిన దానికి ముఖ్యం 10 బిట్, అది ఎలాగూ ఉంది.

మరి సమస్య తీరినట్టేనా? సగమే. నాలుగు పెళ్లిళ్ల పాత ఫుటేజ్ 4:2:2లోనే ఉంది. అంతకంటే పెద్ద చిక్కు, బయటి కెమెరామెన్. వాళ్ల కెమెరా వాళ్లది, సెట్టింగ్ వాళ్ల ఇష్టం, పొద్దున ముహూర్తానికి హడావిడిగా వచ్చినవాణ్ణి మెనూలోకి వెళ్లమంటే ఎవరు వింటారు?

పాత ఫుటేజ్‌కి ప్రాక్సీలు చేసి చూశాం, అంటే ఎడిటింగ్‌కి తేలిగ్గా ఉండే చిన్న నకళ్లు. 1080లో ప్రోరెస్ ప్రాక్సీ, 50 ఫ్రేములకు సుమారు 76 ఎంబీపీఎస్, గంటకు 34 జీబీ. ఎడిటింగ్ హాయిగా సాగింది. కానీ ఆ నకలు తయారు చేయడానికి కూడా అసలు ఫైలును అదే ప్రాసెసర్ విప్పాలి కదా. సెకనుకు 22 ఫ్రేముల చొప్పున, రెండు కెమెరాల ఏడు గంటల ఫుటేజ్‌కి దాదాపు 16 గంటలు పట్టింది. రాత్రి పెట్టి పడుకుంటే మర్నాడు మధ్యాహ్నానికి. ఆ 16 గంటలూ ఆమెకు ఆల్బమ్ పని లేదు. పెండింగ్ పెళ్లిళ్లకు ఇది సరిపోతుంది, అదే రోజు హైలైట్స్‌కి ఎందుకూ పనికిరాదు.

కొనడం దగ్గర

కాబట్టి రెండో మిషన్ కావాలని తేలింది. పాతది అమ్మొద్దన్నాం. 32 జీబీ ర్యామ్‌తో ఆల్బమ్‌కి అది ఇంకా గట్టి మిషన్, ఎక్స్‌చేంజ్‌లో దానికి వచ్చేది తక్కువ.

4:2:2 10 బిట్ హెచ్.265ని విప్పే యంత్రాంగం ఇంటెల్ 11వ తరం నుంచి లాప్‌టాప్ ప్రాసెసర్లలోని సొంత గ్రాఫిక్స్‌లోనే ఉంది. దాని పేరు క్విక్ సింక్. ఈడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడే పాత ఎడిటర్లు ఇంటెల్ అని పట్టుబట్టడానికి కారణం కూడా ఇదే. మాట మీద నమ్మమనకుండా పరీక్ష పెట్టాం. పక్క వీధిలో ఒక ట్యూషన్ మాస్టారి సన్నపాటి ఆఫీసు లాప్‌టాప్, ఐ5-1235యూ, 16 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డే లేదు. ప్రీమియర్ ట్రయల్ వేసి తలంబ్రాల క్లిప్ పెట్టాం. ఇంటెల్ గ్రాఫిక్స్ వీడియో డీకోడ్ 40 శాతం దగ్గర నిలబడింది, క్లిప్ ఎక్కడా ఆగలేదు. యజమాని మూడు సార్లు వెనక్కి జరిపి మళ్లీ చూశాడు.

అయితే ఆ సన్న లాప్‌టాప్‌నే ఎందుకు సూచించలేదు? విప్పడం ఒక్కటే ఎడిటింగ్ కాదు. కలర్, నాయిస్ తగ్గించడం, ఎఫెక్టులు గ్రాఫిక్స్ కార్డు మీద నడుస్తాయి. పాత మిషన్‌లోని 4 జీబీ వీడియో మెమరీ కూడా ఫోర్‌కే టైమ్‌లైన్‌లో నాయిస్ రిడక్షన్ వేయగానే నిండిపోయేది. యూ అక్షరంతో ముగిసే ప్రాసెసర్ 15 వాట్ల తరగతి, హెచ్ 45 వాట్ల తరగతి. గంటసేపు ఎక్స్‌పోర్ట్ పెట్టినప్పుడు ఆ తేడా బయటపడుతుంది.

చివరికి నిలిచింది కోర్ ఐ5-12450హెచ్, ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ, 62 వేలు. ఐ7 మోడల్‌కి మరో పది వేలు అడిగారు. ఆ పది వేలకు ఫుటేజ్ ఇంకాస్త బాగా నడవదు, విప్పే పని కోర్లది కాదు కాబట్టి. ఎక్స్‌పోర్ట్‌లో కొన్ని నిమిషాలు మిగులుతాయి, అంతే. ఆ డబ్బు స్టోరేజీకి మళ్లించాం. 200 ఎంబీపీఎస్ అంటే గంటకు 90 జీబీ, ఏడు గంటల పెళ్లికి 630 జీబీ. 512 జీబీ ఎస్‌ఎస్‌డీ విండోస్‌లో 476గా కనబడుతుంది, ఒక్క పెళ్లి కూడా పట్టదు. రెండో ఎం.2 స్లాట్ (ఇంకో ఎస్‌ఎస్‌డీ పెట్టుకునే చోటు) ఉన్న మోడల్ కావాలన్నది అందుకే. అందులో 2 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, టీఎల్‌సీ రకం, 11,500. క్యూఎల్‌సీ రకం అప్పుడు రెండు వేలు తక్కువకే వచ్చేది. కానీ ఒకేసారి వందల జీబీలు పోస్తే దాని క్యాష్ నిండిపోయి, రాసే వేగం హార్డ్ డిస్క్ స్థాయికి పడిపోవచ్చు. రాత్రి పన్నెండుకి కార్డులు ఖాళీ చేసుకునేవాడికి అది పనికిరాదు.

ర్యామ్ దగ్గర ఒక మెలిక. ఒకే మోడల్ పేరుతో అప్పుడు రెండు రకాలు అమ్మేవారు. ఒకదాంట్లో 8 జీబీ బోర్డుకే అతికించి ఒక స్లాట్ ఖాళీగా ఉండేది. రెండోదాంట్లో రెండూ తీసే స్లాట్లే. బాక్సు మీద రెండింటికీ 8 జీబీ డీడీఆర్4 అనే ఉండేది. రెండోది వెతికించి, 8 తీసేసి, రెండు 16లు వేశాం, 5,500. జతగా వేయడం ఇక్కడ మరీ ముఖ్యం. ఇంటెల్ సొంత గ్రాఫిక్స్‌కి వేరే మెమరీ లేదు, ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది. అడుగు మూత తెరిస్తే వారంటీ పోతుందో పోదో కొనేముందే మెయిల్‌లో రాయించుకున్నాం. ఫోన్‌లో చెప్పిన మాట సర్వీస్ సెంటర్ దగ్గర చెల్లదు.

మిగిలిన డబ్బులో 10 వేలు మానిటర్‌కి. ఇది యజమాని అడగని ఖర్చు. ఈ ధరలో గేమింగ్ లాప్‌టాప్‌ల తెరలకు ఎక్కువగా రంగుల పరిధి 45 శాతం ఎన్‌టీఎస్‌సీ, వెలుతురు 250 నిట్స్. అలాంటి తెర మీద ఎర్ర పట్టుచీర ఇటుక రంగులో కనిపిస్తుంది. ఎడిటర్ సాచురేషన్ పెంచుతాడు, ఆ ఫైలు పార్టీ ఇంటి టీవీలో మంటలా మండుతుంది. ఆల్బమ్ ప్రింట్లు కూడా రెండుసార్లు ఇలాగే వెనక్కి వచ్చాయని ఆమె చెప్పాకే దీనికి ఒప్పుకున్నాడు. ఎస్‌ఆర్‌జీబీ రంగుల పరిధిలో 99 శాతం చూపించే 24 అంగుళాల ఐపీఎస్ మానిటర్ తెచ్చాం, ఇద్దరూ పంచుకుంటారు. మొత్తం 89 వేలు.

మరి డెస్క్‌టాప్ ఎందుకు కాదంటే, హైలైట్స్ ఫంక్షన్ హాల్లో కూర్చుని కట్ చేయాలి. స్టూడియోలోనే పనయితే మా ఓటు డెస్క్‌టాప్‌కే. కాకపోతే పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్ చవగ్గా వస్తుందని తీసుకోవద్దు, అందులో సొంత గ్రాఫిక్స్ ఉండదు, క్విక్ సింక్ కూడా ఉండదు. మ్యాక్‌బుక్ ఈ ఫుటేజ్‌ని సునాయాసంగా విప్పుతుంది. కానీ ర్యామ్, స్టోరేజీ కొన్న తర్వాత పెంచుకోలేం, వీళ్ల ఆల్బమ్ సాఫ్ట్‌వేర్ విండోస్‌కే ఉంది.

కొన్నాక మళ్లీ ఆగింది

మొదటి రోజే ఫోన్. "అన్నా, ఇదిట్ల కూడా ఆగుతున్నది." తలంబ్రాల క్లిప్, అదే తడబాటు. టాస్క్ మేనేజర్ ఫొటో పంపమన్నాం. ఒకే జీపీయూ ఉంది, ఆర్‌టీఎక్స్ 3050. ఇంటెల్ పేరే లేదు.

గేమింగ్ లాప్‌టాప్‌లతో వచ్చే కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో హైబ్రిడ్, డిస్క్రీట్ అని రెండు మోడ్‌లుంటాయి. గేములకు వేగం పెరుగుతుందని షాపులో ఎవరో డిస్క్రీట్ పెట్టి ఇచ్చారు. ఆ మోడ్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్ పూర్తిగా ఆగిపోతుంది, దేని కోసం ఈ మిషన్ కొన్నామో అదే మాయమవుతుంది. హైబ్రిడ్‌కి మార్చి రీస్టార్ట్ చేయించాం. ఇంటెల్ డ్రైవర్ కొత్తది వేయించి, ప్రీమియర్‌లో డీకోడింగ్ కింద ఇంటెల్ టిక్ చూడమన్నాం. పది నిమిషాల పని.

శ్రావణంలో మూడు పెళ్లిళ్లకు రిసెప్షన్ హైలైట్స్ టైముకి ఇచ్చారు. ఒక చిక్కు మాత్రం మిగిలింది. ఒక కెమెరామన్ ఎక్స్‌ఏవీసీ ఎస్‌లో, అంటే హెచ్.264 4:2:2 10 బిట్‌లో, 25 ఫ్రేములకు తీసి ఇచ్చాడు. దాన్ని ఈ క్విక్ సింక్ కూడా విప్పదు, పని ప్రాసెసర్ మీదే పడుతుంది. 25 ఫ్రేములే కాబట్టి ఒక కెమెరా అయితే ఐ5 లాగేసింది, రెండు కలిపితే ప్రాక్సీ చేయక తప్పలేదు. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ హెచ్.264, హెచ్.265 రెండింటిలోనూ 4:2:2 విప్పుతుంది. ఇదే కేసు ఇప్పుడు వస్తే మా లెక్క ఇంటెల్, రైజెన్ దగ్గర మొదలవదు.

ఇలాంటివాళ్లు లాప్‌టాప్ ఏది కొనాలని అడిగితే, అప్పటి నుంచి బడ్జెట్ కంటే ముందు వాళ్లను బాగా ఏడిపిస్తున్న ఫైలు ఒకటి పెన్‌డ్రైవ్‌లో తెమ్మంటున్నాం. ఈ స్టూడియో వాళ్లయితే బయటి కెమెరామెన్‌కి ఇచ్చే కవర్ మీద తెలుగులోనే రాసి అంటిస్తున్నారు: "హెచ్‌ఎస్ ఫోర్‌కే, 50, 150, 4:2:0. ఇట్ల పెట్టకుండా తీస్తే పేమెంట్‌ల కోత."